మావయ్యకి ఎదురొచ్చిన ముగ్గురం

మా మావయ్య మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. ఇంట్లోనే, తన మంచం మీదే, కాళ్ళు పొడిగా ఉండగానే పోయారు. కాళ్ళ సంగతి ఎందుకు చెబుతోందీ మనిషి అని మీకు అనిపించవచ్చు. కబురు తెలిసి విశాఖపట్నం నుంచీ, పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో, గరాచర్మల నుంచీ ఫోన్ చేసిన చుట్టాల్లో ఒక్కరు కూడా ఎలా పోయారని అడగలేదు. ఎక్కడ దొరికారని అడిగారు. తప్పిపోతే కదా దొరకడానికి, మా ఇంట్లోనే పోయారు అని ఒకరిద్దరిని కసిరాను కూడా. రెండేళ్ళపాటు ఆయన్ని సముద్రం పాలు కాకుండా కాసుకున్నదాన్ని, ఆ మాత్రం కసురుకోవడానికి నాకు హక్కుంది.

తెలుగు సంఘం వాళ్ళు వాళ్ళ సంచికకి ఆయన గురించి రెండు ముక్కలు రాయమన్నారు. ఈ అండమాన్ దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళం ఉన్నంతమంది చదివేవాళ్ళం లేము. చదివే ఆ కొద్దిమందైనా ఆయన గురించి నిజం తెలుసుకోవాలని రాస్తున్నాను. పొగడ్తలు రాయడం నాకు చేతకాదు. ఆయనకీ నచ్చదు.

మావయ్యంటే నా భర్త తండ్రి. మీసాలు రాని వయసులో శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డునుంచి ఓడెక్కి వచ్చారు. అప్పటికి ఇక్కడ అడవి కొట్టి ఊళ్ళు కడుతున్నారు. మాయాబందర్‌కి ఇవతల ఇప్పుడు మా పేట ఉన్న చోట మొదట వేసిన నాలుగు పాకల్లో ఒకటి ఆయనది. పడవకి పెద్దగా ముప్పై ఏళ్ళు చేశారు. మనిషి మాట తక్కువ. వల బాగుచేస్తూ పంటి మధ్య దారం పెట్టుకుని ఉండేవారు కాబట్టి, అడిగినదానికి జవాబివ్వకపోవడానికి ఎప్పుడూ ఒక సాకు ఉండేది. తెచ్చిన చేపల్లో మంచి ముక్క ఎవరి పళ్ళెంలో పడిందో చూసిగానీ తను ముద్ద ఎత్తేవారు కాదు. వాన ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే, "వొచ్చినాక నీకే తెలుస్తాది గదా" అనేవారు.

నేను ఈ పేట పిల్లని కాదు. హాడోలో పోర్టు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. మా నాన్న గోదాములో పనిచేసేవాడు. కనుక సముద్రం మీద బతికేవాళ్ళ పద్ధతులు నాకు పెళ్ళయ్యాక తెలిశాయి. అందులో మొదటిది, బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడక్కూడదు. ఈ మాట తెలుగువాళ్ళందరికీ ఎంతో కొంత తెలిసిందే. కాకపోతే మిగతావాళ్ళు ఎవరైనా అడిగితే విసుక్కుని ఊరుకుంటారు. మా పేటలో అడిగినవాళ్ళని ఏళ్ళతరబడి గుర్తుపెట్టుకుంటారు. "ఎల్లేవోణ్ణి అడక్కు. వొచ్చినాక అడుగు, అన్నీ సెప్తాడు" అని మావయ్యే నాకు మెల్లిగా చెప్పారు. అప్పటికే నేను అడగకూడని రోజున అడిగేశాను.

ఆ రోజు మా ఆయన ఎదురింటి అన్నదమ్ములిద్దరితో డింగీ పడవ తీసుకుని చేపల వేటకి వెళ్తున్నాడు. నాలుగోవాడిగా మావయ్య కూడా వెళ్ళాలి గానీ ఆయనకి జ్వరం. వేటకి వెళ్ళేవాడు ఉతికిన చొక్కా వేసుకోవడం చూసి నాకు నవ్వొచ్చింది. గుమ్మంలో నిలబడి, ఎక్కడికండీ అంత సింగారించుకుని, అని అడిగాను. వీధిలో ఆడవాళ్ళందరూ విన్నారు. మా ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. మూడో రోజున డింగీ దొరికింది. బోర్లా పడలేదు, పగల్లేదు, లోపల నీళ్ళు కూడా లేవు. వలలు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. ముగ్గురు మనుషులు మాత్రం లేరు. ఇప్పటికీ లేరు.

దాంతో మా వీధిలో ఒకేసారి ముగ్గురం విధవలమయ్యాం. నేనూ, ఎదురింటి తోడికోడళ్ళిద్దరూ. ఆ ఇద్దరిలో పెద్దామె నాతో తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. నేను అడిగిన ప్రశ్నే వాళ్ళని మింగిందని ఆమె నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకమూ అదే. అంగన్‌వాడీలో పనికి చేరాక పిల్లలు గేటు దాటుతున్నా సరే, ఎక్కడికిరా అనే మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. పరిగెత్తి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. కోడలు పనికెళ్తే పరువేమవుతుందని చుట్టాలు గొణిగినా, "దాని కాళ్ళ మీద అది నిలబడనీండి" అని వాళ్ళ నోరు మూయించింది ఆయనే. కానీ ఒక దగ్గు ఉండేది. పొద్దున్నే తెడ్డు భుజాన వేసుకుని బయటికి రాబోయే ముందు ఆయన ఒకసారి దగ్గేవారు. దాని అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. విధవ ఎదురొస్తే వేట మానుకుని వెనక్కి రావాలి. అందుకని నేను వంటింట్లోకి వెళ్ళి, ఆయన గేటు దాటిన చప్పుడయ్యేదాకా తలుపు వెనకాల నిలబడాలి. మనిషిని మాటతో అవమానిస్తే తిరిగి ఒక మాట అనవచ్చు. దగ్గుకి ఏమని జవాబు చెప్పను? ఆ తలుపు వెనకాల ఎన్ని పొద్దులు పళ్ళు కొరుక్కున్నానో నాకే తెలుసు. ఆయన మంచివారు. ఆ దగ్గు మాత్రం మంచిది కాదు. రెండూ రాయాలి.

తర్వాత ఆయన వేటకి వెళ్ళడం మానేశారు. వయసు మీదపడింది, దగ్గూ ఆగిపోయింది. కొన్నాళ్ళకి వల అల్లే కండెని బియ్యం డబ్బాలో పెట్టడం మొదలుపెట్టారు. అన్నం తిని, అన్నం పెట్టలేదనేవారు. చనిపోయిన మా అత్తని పిలిచి బెల్లం అడిగేవారు. ముసలితనం కదా అనుకున్నాం. మేమంటే నేనూ, మా మరిదీ. మరిది దీవుల మధ్య తిరిగే ఓడ మీద ఖలాసీ, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. కాబట్టి అనుకోవడమైనా, చేయడమైనా నేనొక్కదాన్నే.

మొదటిసారి వెళ్ళింది ఒక బుధవారం, ఎండ బాగా ఎక్కాక. నేను అంగన్‌వాడీలో ఉన్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, అటక మీది తెడ్డు దించుకుని, మంచినీళ్ళ డబ్బా పట్టుకుని బయల్దేరారు. మా ఇంటినుంచి ఐస్ ఫ్యాక్టరీ మలుపుదాకా పదకొండు గుమ్మాలు. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు ఆయన్ని చూశారు. ఆయనకి మతి సరిగా లేదని అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ ఎక్కడికని అడగలేదు. పైగా ఒకామె కుళాయి దగ్గరికి ఖాళీ బిందెతో వస్తూ, పెద్దాయనకి ఖాళీ బిందె ఎదురవకూడదని గబగబా లోపలికి తప్పుకుందట. చిన్నపిల్లల్ని దారికి అడ్డం రాకుండా పక్కకి లాగారట. ఎదురింటి పెద్దామె ఆయన రావడం చూసి తలుపు చాటుకి వెళ్ళిందట. మరో పేటలో అయితే ఎవరో ఒకరు, ఏం తాతా ఎక్కడికి, అని ఆపేవారు. మా వాళ్ళు మర్యాదగా దారి ఖాళీ చేసి ఆయన్ని సముద్రంలోకి సాగనంపారు.

మా ఒడ్డున పోటు తగ్గి నీళ్ళు తీసినప్పుడు పగడపు రాళ్ళ దిబ్బ బయటపడుతుంది. దాని మీద చాలా దూరం నడిచి వెళ్ళవచ్చు. చిక్కేమిటంటే, నీళ్ళు తిరిగొచ్చేటప్పుడు మన ఎదురుగా రావు. మన వెనకాల, ఒడ్డు పక్కనున్న పల్లంలో ముందు నిండుతాయి. తెలియనివాడు వెనక్కి తిరిగేసరికి ఒడ్డుకీ తనకీ మధ్య నిలువు లోతు కాలువ ఉంటుంది. ఆ పక్కనే మడచెట్ల మధ్యనుంచి ఉప్పుకాలువ వచ్చి కలుస్తుంది. మొసళ్ళున్నాయి జాగ్రత్త అని అటవీశాఖ వాళ్ళ బోర్డు కూడా ఉంది.

గవ్వలేరుకునే రాంచీ మనిషి ఒకతను అంగన్‌వాడీకి పరిగెత్తుకొచ్చి, "దీదీ, చాచా పానీ మే ఖడా హై" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే నీళ్ళలో నిలబడి ఉన్నారు. చుట్టూ అంతా మెరిసిపోతున్న నీళ్ళు, ఎండ నడినెత్తిన ఉండడంతో ఆయన నీడ కూడా లేదు. సముద్రం మీద ఎవరో గుంజ పాతినట్టు నిటారుగా ఉన్నారు. గాలి లేదు. ఆయన మాట అంత దూరంనుంచీ స్పష్టంగా వినిపించింది. "వస్తన్నాన్రా, ఆగండ్రా" అంటున్నారు. నేనూ అతనూ నడుములోతు నీళ్ళలో దాటి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, నా వైపు చూడకుండానే చెప్పారు.

"ముగ్గురే ఉన్నారు. నాలుగోవోడు కావాలంట."

పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళి చూపించాం. డాక్టరమ్మ కాగితం మీద డిమెన్షియా అని రాసి, దీనికి నయం చేసే మందు లేదనీ, ఇలాంటివాళ్ళు తమకి బాగా అలవాటైన దారినే పట్టుకుని వెళ్తారనీ చెప్పింది. "దిమాగ్ భూల్ జాతా హై, పైర్ నహీ భూల్తే" అంది. బుర్ర మరిచిపోయినా కాళ్ళు మరిచిపోవన్నమాట. తాళం ఒక్కటే నమ్ముకోకండి, దారిలో ఉన్నవాళ్ళందరికీ చెప్పండి, జేబులో ఫోన్ నంబరు పెట్టండి అంది. జేబులో పెట్టాం. జెట్టీ దగ్గర టికెట్లిచ్చేవాళ్ళకీ, పోలీసులకీ ఫొటో ఇచ్చాం. గేటుకి తాళమూ వేశాం. తాళం వేసిన మొదటి వారంలోనే గేటు ఊచలు లాగి లాగి అరచేతులు చీల్చుకున్నారు. చిన్నపిల్లాడిలా కాదు, పని చెడగొట్టినందుకు పెద్దమనిషి ఏడ్చినట్టు ఏడ్చారు. మరిది అది చూడలేకపోయాడు. ఇంకొక్కసారి నీళ్ళ దాకా వెళ్తే పోర్ట్ బ్లెయిర్‌లో గది తీసుకుని అందులో పెట్టి తాళం వేయడమేనని, చేతులు జోడించి మరీ చెప్పాడు. సముద్రం చప్పుడు వినపడని గదిలో మావయ్య పది రోజులు బతకరని మా ఇద్దరికీ తెలుసు. ఇంట్లో ఉంచుకోవాలంటే వీధి కాపాడాలి. వీధి నోరు తెరవదు.

ఎదురిల్లు తప్ప ఇంటింటికీ వెళ్ళి బతిమాలాను. చూస్తే ఆపండి, ఎక్కడికని అడగండి చాలు, ఆయన తడబడతారు అన్నాను. అందరూ తల ఊపారు. తీరా ఆయన ఎదురుపడితే నోరు పెగిలేది కాదు. ఒక పెద్దాయన నా ముఖం మీదే అన్నాడు, నా నోటితో అడిగి ఆయనకేమైనా అయితే ఆ పాపం నాకెందుకని. ఎవరినని ఏం లాభం? అడగమని చెబుతున్న నేను మాత్రం ఆయన్ని అడిగానా? గేటు దగ్గర ఎన్నిసార్లు ఆ మాట గొంతుదాకా వచ్చిందో లెక్కలేదు. ఉతికిన చొక్కా కళ్ళ ముందు కదిలేది. మింగేసేదాన్ని.

ఆ రోజుల్లో ఇంట్లో ఉండాలంటే నాకే జంకుగా ఉండేది. మా ఇంట్లోంచి సముద్రం కనపడదు. ఏ వారమో, ఏ నెలో ఆయనకి తెలియదు. అయినా అక్కడ నీళ్ళు తీయడం మొదలైన క్షణానికి ఇక్కడ మంచం మీదనుంచి లేచి కూర్చునేవారు. తల పక్కకి వంచి వినేవారు. ఎవరో ఏదో చెప్పినట్టు మధ్యమధ్యలో ఊ కొట్టేవారు. ఒక ఉదయం గేటుకి తాళం వేసి ఉంది, పెరటి తలుపు గడియ లోపలినుంచి వేసి ఉంది. ఆయన మంచం మీదే పడుకుని ఉన్నారు. దుప్పటి సర్దుదామని ఎత్తితే రెండు పాదాలకీ తడి ఇసక. ఎలా వచ్చిందో నాకు తెలియదు. మరిదికి చెప్పలేదు. కడిగి, తుడిచి, దుప్పటి కప్పాను.

ఇక ఆయన్ని ఆపే ఉపాయం నాకు దొరికిందంటే, అది నా తెలివి కాదు. ఒకనాడు గేటు తాళం వేయడం మరిచిపోయి పనికి వెళ్ళాను. సగం దారిలో గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చాను. ఆ పరుగులో చెమటకి నుదుటి బొట్టుబిళ్ళ ఎక్కడో ఊడిపోయింది. అంగన్‌వాడీకి వెళ్ళడం మొదలుపెట్టాక, ఎవరేమనుకున్నా సరేనని, చిన్న నల్లబిళ్ళ పెట్టుకునేదాన్ని. మలుపు తిరిగేసరికి మావయ్య తెడ్డు భుజాన వేసుకుని ఎదురుగా వస్తున్నారు. నన్ను చూశారు. నా నుదురు చూశారు. నాలుక చప్పరించారు. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళి, తెడ్డు గోడకి ఆనించి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. ఆ రోజంతా మళ్ళీ లేవలేదు.

నేను వంటింట్లోకి వెళ్ళి, ఆ పాత తలుపు వెనకాలే నిలబడి, నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఎవరి కంట పడకూడదని అన్నేళ్ళు దాక్కున్నానో, ఆయన కంట పడడమే ఇప్పుడు ఆయన ప్రాణానికి కావలసింది.

మర్నాటినుంచి గేటుకి తాళం వేయడం మానేశాను, ఎదురురావడమే నా పని. ఆయన తెడ్డు తీసుకున్న చప్పుడవగానే పెరటి దారిన చుట్టు తిరిగి వెళ్ళి, వీధి చివరనుంచి ఎదురొచ్చేదాన్ని. బొట్టు ఉంటే ఆయన నన్ను విధవగా గుర్తుపట్టేవారు కాదు, దాటుకుని పోయేవారు. అందుకని బిళ్ళ తీసి చేతి గడియారం అద్దానికి అంటించి, పని అయ్యాక మళ్ళీ నుదుటికి పెట్టుకునేదాన్ని. రోజుకి మూడునాలుగుసార్లు తీసి పెడితే ఆ బిళ్ళకి మాత్రం జిగురు ఎంతకాలం ఉంటుంది? చివరికి పెట్టుకోవడం మానేశాను. అది నాకు చిన్న సంగతి కాదు. ఎంత కష్టపడి పెట్టుకున్న బొట్టో అది.

నేను పనిలో ఉండే వేళల్లో ఎవరు? దారిలో నాలాంటివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. సిగ్గు చంపుకుని ఎదురింటి గడప తొక్కాను. పెద్దామె చాలాసేపు నా వైపు చూడకుండా చేపలు తోముతూ కూర్చుంది. నేను సంగతంతా చెప్పి, ఇక లేద్దామనుకుంటుండగా అంది.

"అంటే మా మొకాలు ఆరికి సూపించాల."

"అవునక్కా" అన్నాను.

"మంచి పనికే పిలిసినావు" అని చెయ్యి కడుక్కుని లేచింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాటలవి. అప్పుడే చిన్నామె ఫక్కున నవ్వింది. ఆమె నవ్వు చూసి నేనూ, మమ్మల్ని చూసి పెద్దామె కూడా నవ్వాం. అపశకునాలన్నీ ఒక చోట చేరి అలా నవ్వుకోవడం ఆ వీధి ఎప్పుడూ వినలేదు.

అలా ముగ్గురం పంచుకున్నాం. మా గేటు నాది, ఐస్ ఫ్యాక్టరీ మలుపు పెద్దామెది, ఉప్పుకాలువ ఒడ్డున దిబ్బ మీదకి దిగే చోటు చిన్నామెది. ఒకరిని తప్పించుకుంటే ఇంకొకరం. వీధివాళ్ళు కూడా నెమ్మదిగా సాయానికొచ్చారు. నోరు తెరిచి ఆపలేరు గానీ, ఆయన బయల్దేరగానే పళ్ళెం మీద గరిటెతో కొట్టేవారు. ఆ చప్పుడు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి వెళ్ళేది. మునుపు మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్న ఆడవాళ్ళే, "ఎల్లండి, ఎదురెల్లండి" అని మమ్మల్ని తొందరపెట్టేవారు. మావయ్య మా ముగ్గురిలో ఎవరిని చూసినా నాలుక చప్పరించి వెనక్కి తిరిగేవారు. ఒకసారి ఇంటికొచ్చి నాతోనే ఫిర్యాదు చేశారు. "ఈ వీదిలో ఇందరు ముండమోసినోల్లు ఎక్కణ్ణుంచి ఒచ్చినారే? వేట సాగనియ్యరు" అన్నారు. ఆ మాటకి కోపం రావాలి. రాలేదు. నీళ్ళు ఇచ్చాను.

అలా ఏడాదిన్నర గడిచింది. ఆయన ఒక్కసారి కూడా దిబ్బ దాకా వెళ్ళలేదు. మరిది గది మాట ఎత్తడం మానేశాడు.

గడిచిన వానాకాలం చివర్లో ఒక పగలు, సన్నటి తుప్పర పడుతోంది. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయిన రోజు. పళ్ళేల చప్పుడు విని నేను అంగన్‌వాడీనుంచి అడ్డదారిన ఉప్పుకాలువ వైపే పరిగెత్తాను. చిన్నామెకి ఆ రోజు ఒంట్లో బాగాలేదు, ఆ చోట ఎవరూ లేరు. దారిలో పెద్దామె ఎదురై చేతులు ఊపుతూ చెప్పింది. ఆయన తనని చూశారట. నాలుక చప్పరించలేదట. పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయారట.

దిబ్బ మీదకి దిగాను. అప్పటికే వెనకాల పల్లంలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన చాలా ముందున్నారు. రాళ్ళు కోసుకుంటున్నా పరిగెత్తి, ఆయన్ని దాటిపోయి, ముందుకెళ్ళి వెనక్కి తిరిగి, బోసి నుదురుతో ఎదురు నిలబడ్డాను.

మావయ్య ఆగారు. నా ముఖం చూశారు. తలుపు వెనకాల దాచినంత కాలం ఒక్కసారైనా అంత తేరిపార చూసి ఉండరు.

"ఏటమ్మా, మొకాన బొట్టు నేకుండా తిరుగుతున్నావు?" అన్నారు. "పిల్లవి. అలగ ఉండకూడదు. ఎట్టుకో."

అప్పుడు అర్థమైంది. విధవ ఎదురైతే వెనక్కి తిరగాలన్నది కూడా ఆయన మరిచిపోయారు. నేనెవరో, నాకేమైందో, నన్నెందుకు దాచారో, అంతా చెరిగిపోయింది. ఎన్ని పొద్దులు ఆ మాట కోసం కాచుకున్నానో, ఆ మాట ఇలాంటి చోట, ఇలాంటప్పుడు వచ్చింది. సంతోషించడానికి వ్యవధి లేదు. నీళ్ళు నా పిక్కల దాకా వచ్చాయి. ఆయన నా భుజం మీదుగా వెనక్కి, సముద్రంలోకి చూస్తున్నారు. అటు చూసి తల ఊపారు. "వస్తన్నా" అన్నారు. అడుగు ముందుకు వేశారు. చెయ్యి పట్టుకున్నాను, విదిలించుకున్నారు. ముప్పై ఏళ్ళు వల లాగిన చెయ్యి అది. నాతో ఆగేది కాదు.

మడచెట్ల వైపునుంచి కొంగలు కూడా అరవడం లేదు. ఇక నా దగ్గర మిగిలింది ఒక్కటే. తొమ్మిదేళ్ళూ, ఆపైన ఇంకొన్నాళ్ళూ నేను ఎవరినీ అడగని మాట. అడిగితే ఏమవుతుందో ఒకసారి చూసినదాన్ని. ఇప్పుడు కూడా అదే అయితే ఈ వీధిలో, ఈ లోకంలో, నా ముఖం నేనెలా చూసుకుంటాను? కళ్ళు మూసుకున్నాను.

"ఎక్కడికి మావయ్యా?" అని అడిగాను.

కళ్ళు తెరిచేసరికి ఆయన ఆగిపోయి ఉన్నారు. ముఖంలో కోపం లేదు. పని చెడిన మనిషి విసుగు మాత్రం ఉంది, ఎన్నాళ్ళకో మళ్ళీ కనిపించిన ఆ పాత పడవ పెద్ద విసుగు. భుజం మీది తెడ్డు దించి రాళ్ళకి ఆనించారు. తర్వాత నా వెనకాల ఉన్న నీళ్ళతో, గొంతు పెంచకుండా, రేవులో పక్క పడవవాళ్ళతో చెప్పినట్టు చెప్పారు.

"ఎల్లండ్రా మీరు. నన్ను అడిగీసినారు. నాను ఇంక రాను."

తిరిగి చూశాను. తుప్పర, నీళ్ళు, అంతే. మావయ్య కుడిచెయ్యి పైకెత్తి ఊపడం మొదలుపెట్టారు. పొద్దున్నే వేటకి వెళ్ళే పడవని ఒడ్డునుంచి సాగనంపేటప్పుడు మావాళ్ళు ఎలా ఊపుతారో అలా, నెమ్మదిగా. పల్లంలో నీళ్ళు ఇంకా నడుములోతే, లోతవకముందే వెళ్దాం రండి అని లాగాను. కొంచెం ఆగమన్నట్టు రెండో చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. నేను కూడా ఆ వైపే చూస్తూ నిలబడ్డాను. మా ఆయన వెళ్ళిన రోజున నవ్వుతూ అడగడమే గానీ, చెయ్యి ఊపలేదు నేను. ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తాను.

పడవ కనుమరుగవడానికి ఎంతసేపు పడుతుందో సముద్రం ఒడ్డున బతికేవాళ్ళకి తెలుసు. సరిగ్గా అంతసేపు ఊపి, మావయ్య చెయ్యి దించారు.